రేనాటి రాళ్లు: గండి నుంచి గండికోట దాకా

(ధారావాహిక – 12వ భాగం)

వేంపల్లెలో బస్సెక్కి ఇడుపులపాయకు టికెట్ అడిగితే కండక్టరు తిరిగి ఒక ప్రశ్న వేస్తాడు: "ఘాట్ కాడనా, ట్రిపుల్ ఐటీ కాడనా?" ఇప్పుడు ఆ ఊరికి ఆనవాళ్లు ఆ రెండే. ఒకటి, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి మరణించిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి. రెండోది, అంతకు ఏడాది ముందు 2008లో పల్లెటూరి పిల్లల కోసం మొదలైన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం. పది పాసైన పిల్లలు పెట్టె సర్దుకుని వచ్చి, ఆరేళ్ల తర్వాత ఇంజనీర్లై వెళ్లే చోటు. నూజివీడు, బాసరలతో పాటు మొదలైన మూడు ప్రాంగణాల్లో ఇదొకటి. 2010లో జిల్లాకే ఆ నాయకుడి పేరు పెట్టారు. జమ్మలమడుగులో పుట్టి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా చేసి, పులివెందుల నుంచి శాసనసభకు వెళ్లిన మనిషి ఈ కొండల పాదాన నిద్రపోతున్నాడు. వచ్చినవాళ్లు పూలు పెట్టి, ఫోటో దిగి, వచ్చిన దారినే వెళ్తారు. వాళ్లను తప్పు పట్టలేం. చుట్టుపక్కల ఇంకేముందో చెప్పే పలక ఆ దారిలో కనబడితే కదా!

ఈ ధారావాహికలో మొదటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ ఊరికి వెళ్లినా అక్కడి అన్నిటికన్నా పాత రాయిని ముందు పలకరించాలి. ఇడుపులపాయలో ఆ రాయి కోసం వెతకనక్కర్లేదు, కాలి కిందే ఉంది. ఊరి పేరే ఆ సంగతి చెబుతుంది. ఇడుపు అంటే పక్క, వార. పాయ అంటే చీలిక. జడలో పాయ, ఏటిలో పాయ మనకు తెలిసినవే. కొండల పక్కల నడుమ చీలిన నేల అని ఆ పేరును నేను చదువుకుంటాను. పేరు పెట్టినవాడు ఎవరో గాని నేలను చూసి పెట్టాడు.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ఈ కొండల్లో కాలినడకన, గుర్రం మీద తిరిగి, పొర పొరకూ పేరు పెట్టాలనుకున్నప్పుడు ఆయన తరంవాళ్లు, ఆ తర్వాతివాళ్లు మన ఊళ్ల పేర్లే తీసుకున్నారు. అందుకే ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థికైనా భారతదేశ పాఠంలో కడప బేసిన్ అన్న మాట ఎదురవుతుంది. అందులో అన్నిటికన్నా అడుగున ఉన్నది పాపఘ్ని గ్రూపు. దానిలో గులిచెరు క్వార్ట్‌జైట్, అంటే పాలకోవాకు పేరుపడ్డ మన గువ్వలచెరువు. దాని పైన వేంపల్లె ఫార్మేషన్. ఆపైన పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి ఫార్మేషన్, ఇంకా పైకి పోతే గండికోట క్వార్ట్‌జైట్. మన బస్సు బోర్డు మీద ఉండే పేర్లన్నీ అడుగు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి.

వేంపల్లె రాయి వయసు ఎంతనుకున్నారు? పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవాన్ని పరీక్షిస్తే దాదాపు 190 కోట్ల ఏళ్లని తేలింది. వేంపల్లె సున్నపుబండలు అంతకన్నా పాతవన్నమాట. ఆ రోజుల్లో ఇక్కడ లోతులేని సముద్రం. చెట్టు లేదు, చేప లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు నీటి అడుగున జిగురు పొరల్లా పరచుకుని, సున్నాన్ని పట్టి ఉంచి, పొర మీద పొర వేసి రాయయ్యాయి. శాస్త్రవేత్తలు వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దోసెలు దొంతర పెట్టి నిలువునా కోస్తే అంచు ఎలా కనిపిస్తుందో, ఆ బండల్లో వంపు తిరిగిన గీతలు అలా కనిపిస్తాయి. మేకలు కాసే పిల్లలు వాటి మీదే కూర్చుని సద్ది తింటారు. భూమి మీద ప్రాణం తొలి రోజుల్లో చేసుకున్న సంతకాలవి.

ఈ రాళ్లలోంచే మన బతుకు కూడా వచ్చింది. పులివెందుల చుట్టుపక్కల ముగ్గురాయి, రాతినార తవ్వారు. ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలను నిలబెట్టింది. దక్షిణాదిలో కడప బండ పరవని వంటిల్లు వెతికినా తక్కువే. వేముల మండలం తుమ్మలపల్లె దగ్గర ఇదే వేంపల్లె పొరలో యురేనియం దొరికితే 2012 నుంచి గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. బోరు నీళ్ల గురించి ఆ పక్క పల్లెల రైతులకున్న దిగులు ఇంకా తీరలేదు. ఆ సంగతి ఒక పేరాలో ముగిసేది కాదు, వేరే భాగంలో రాస్తాను.

ఇడుపులపాయ నుంచి కొండల వార పట్టుకుని పోతే గండి వస్తుంది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన పాపఘ్ని, పాలకొండలను నిలువునా కోసుకుని మైదానంలోకి దిగే చోటు అది. ఆ కోత పక్కనే వీరాంజనేయస్వామి గుడి. శ్రావణమాసం శనివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. సీతను వెతుకుతూ రాముడు ఈ దారిన వచ్చాడట. ఇక్కడ తపస్సులో ఉన్న వాయుదేవుడు తిరుగు ప్రయాణంలో తన ఆతిథ్యం తీసుకొమ్మని వేడుకున్నాడట. రాముడు లంక నుంచి తిరిగి వచ్చేసరికి వాయువు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి ఉంచాడు. అప్పుడు రాముడు అమ్ముమొనతో బండ మీద ఆంజనేయుడి రూపు గీసి, ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి విడదీయకుండా వదిలేశాడని, తర్వాత ఒక శిల్పి ఆ వేలు తీర్చబోతే నెత్తురు చిమ్మిందని చెబుతారు.

ఆ తోరణం ఇప్పటికీ ఉందట, మామూలు కళ్లకు ఆనదట. పుణ్యాత్ములకు, అదీ చావు దగ్గరపడ్డప్పుడు కనిపిస్తుందట. ఈ కథకు మనవాళ్లు చేర్చిన చివరి పాత్ర ఎవరో తెలుసా? సర్ థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ధారాదత్తం చేశాక, 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగి, రైతు పేరున పట్టా రాసి, రైతువారీ పద్ధతి నిలబెట్టినవాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశం వెళ్లిపోయే ముందు తన పాత సీమను ఒక్కసారి చూసుకోవాలని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన గండిలో పోతూ తలెత్తి, కొండల మధ్య ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనబడలేదు. వాళ్లలో ఒక పెద్దాయనకు సంగతి అర్థమై తల దించుకున్నాడట.

తోరణం నిజమా కాదా అన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ పట్టలేదు. ఒక పరాయి పాలకుణ్ణి రైతులు తమ స్థలపురాణంలోకి చేర్చుకోవడం చిన్న సంగతి కాదు. ఈ సీమలో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. పన్ను కట్టిన చేతులే ఆ పేరు పెట్టాయి. అంతకు ముందు పాలెగాళ్ల దండులు, నవాబుల వసూళ్లు ఎంతగా పీడించి ఉంటే పట్టా కాగితం ఒకటి చేతికిచ్చిన మనిషి పుణ్యాత్ముడయ్యాడో ఆలోచించండి. ఇంగ్లీషువాళ్లు మన్రోకు మద్రాసులో గుర్రం మీద కంచు విగ్రహం పెట్టారు. గండి జనం ఏ ఖర్చూ లేకుండా ఒక కథ కట్టారు. విగ్రహానికి తుడిచే మనిషి కావాలి. కథ రెండు వందల ఏళ్లుగా తనంత తాను నడుస్తోంది.

పులివెందుల వైపు రెండు మాటలు. పులుల మంద తిరిగిన చోటు పులిమందల, అదే పులివెందుల అయిందని ఊరి పెద్దలు చెబుతారు. వేముల మండలంలో మొగమేరు ఒడ్డున మోపూరు భైరవేశ్వరుడి గుడి ఉంది. విజయనగర కాలపు శాసనాలున్న క్షేత్రం. తీరిక చేసుకుని చూడాల్సింది గాని, ఈ వారం మనం ఉత్తరానికి తిరగాలి. ఎర్రగుంట్ల మండలం కలమళ్లకు.

కలమళ్ల మామూలు పల్లె. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయ ఆవరణలో దొరికిన ఒక రాతి మీద, క్రీ.శ. 575 ప్రాంతంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు అనే రాజు రేనాడు అనే ఈ సీమను ఏలుతుండగా చెక్కించిన మాటలున్నాయి. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మనకు దొరికినంతలో మొదటిది ఇదేనని పండితుల మాట. అంతకు ముందు రాజులు ప్రాకృతంలో రాయించారు, సంస్కృతంలో రాయించారు. తెలుగు మాట అక్కడొకటి ఇక్కడొకటి, ఊరి పేరుగానో మనిషి పేరుగానో తొంగిచూసేది. వాక్యమంతా తెలుగైంది ఇక్కడ. నన్నయ భారతం మొదలుపెట్టడానికి సుమారు అయిదు వందల ఏళ్ల ముందు!

ధనంజయుడు ఎవరు? కరికాలుడి వంశం వాళ్లమని చెప్పుకున్న రేనాటి చోళుల్లో ఒకడు. కమలాపురం తాలూకా మాలెపాడులో దొరికిన రాగిరేకుల్లో వీళ్ల వంశావళి ఉంది. నందివర్మకు ముగ్గురు కొడుకులు: సింహవిష్ణు, సుందరనంద, ధనంజయ. ధనంజయుడి కొడుకు మహేంద్రవిక్రముడు, అతని కొడుకు పుణ్యకుమారుడు. ఆ రాగిరేకులు వేయించింది ఈ పుణ్యకుమారుడే, సంస్కృతంలో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒకే వంశం. రాగిరేకు మీదికి సంస్కృతం, ఊళ్లో నాటే రాతి మీదికి తెలుగు. రాగిరేకు దానం పుచ్చుకున్నవాడి ఇంట్లో భద్రంగా ఉంటుంది, ఎప్పుడో తగవొస్తే చూపించుకోవడానికి. రాయి ఎండలో, వానలో, నలుగురూ నడిచే చోట ఉంటుంది. దున్నేవాడికి, కాపు కాసేవాడికి, పన్ను వసూలు చేసేవాడికి తెలియాల్సిన సంగతి అది. తెలియాలంటే వాళ్ల భాషలోనే ఉండాలి. తెలుగు రాతకెక్కింది కావ్యం కోసం కాదు, పొలం గట్టు తగాదా రాకుండా చూడటం కోసం. అది తెలుగుకు తక్కువతనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జనానికి పనికొచ్చే భాషగా పుట్టడం కన్నా గొప్ప పుట్టుక భాషకు ఏముంటుంది?

కలమళ్ల రాయి కొంత పగిలిపోయింది కాబట్టి దానం వివరం మొత్తం తెలియదు. ధనంజయుడి పేరు, రేనాడు, చిరుంబూరు, రేవణ అనే మనిషి, ఇవి నిలిచాయి. ఆ చుట్టుపక్కలే ఎర్రగుడిపాడు, చిలంకూరు శాసనాలు తోడుగా నిలిచి తొలి తెలుగు ఎలా ఉండేదో చెబుతాయి. ఇప్పుడు మన వర్ణమాలలో లేని ఒక అక్షరం వాటిలో కనిపిస్తుంది. తమిళులు తమ భాష పేరు చివర ఇప్పటికీ పలికే ఆ ధ్వని ఒకప్పుడు మన నోళ్లలోనూ ఉండేది. బ్రాహ్మణులకిచ్చిన భూదానాన్ని 'పన్నస' అన్నారు. నేలను 'మఱుతుర్ల'లో కొలిచారు. ఆ మాటలు పోయాయి. 'ఊరు' ఉంది, 'ఇచ్చిన' ఉంది, 'ఏళన్' కొంచెం రూపు మార్చి 'ఏలు' అయి ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి రాతిలో మనం ఈ ఉదయం వాడిన మాట కనబడితే ఒళ్లు జలదరిస్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఎక్కడెక్కడి సభల్లోనో ఈ పల్లె పేరు మారుమోగింది.

ఇలాంటి శాసనాలకు చివర ఒక శాపం ఉంటుంది. ఈ దానం చెరిచినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని, వారణాసిలో కపిల గోవులను చంపిన పాపం తగులుతుందని. చదవడం రానివాడికి కూడా ఎవరో ఒకరు వినిపిస్తే చాలు, ఆ రాతిని కదిలించడానికి చెయ్యి వణికేది. మన కాలంలో దాని బదులు నీలి రంగు పలక వచ్చింది. 1958 నాటి చట్టం కింద ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని ఉంటుంది. చాలాచోట్ల అంతే ఉంటుంది. ఏమిటిది, ఎవరు చెక్కించారు, ఇందులో మీ ఊరి గురించి ఏముంది అన్న సంగతి ఉండదు. పాత శాపం శిక్ష చెప్పే ముందు కథంతా చెప్పేది.

కలమళ్ల నుంచి జమ్మలమడుగు వైపు పెన్న ఒడ్డున దానవులపాడు. ఈ పేరును రెండుసార్లు పలికి చూడండి. దానవుల పాడు. ఇసుక కింద కప్పబడిపోయిన జైన ఆలయం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడింది. నిలువెత్తు తీర్థంకరుడి విగ్రహం, స్నానపీఠాలు, శాసన స్తంభాలు దొరికాయి. ఒక పీఠం మీది శాసనం ప్రకారం శాంతినాథుడి అభిషేకం కోసం దాన్ని చేయించినవాడు నిత్యవర్షుడు, అంటే పదో శతాబ్దపు రాష్ట్రకూట చక్రవర్తి మూడో ఇంద్రుడు. అంత దూరపు రాజధానిలో ఉన్న చక్రవర్తి పెన్న ఒడ్డున ఒక పల్లెలో దేవుడి నీళ్ల పళ్లెం గురించి పట్టించుకున్నాడు! ఒక స్తంభం మీద శ్రీవిజయుడనే దండనాయకుడి సంగతి కన్నడంలో ఉంది. కత్తి పట్టినవాడు, కవిత్వం తెలిసినవాడు, చివరికి అన్నీ వదిలి జైన పద్ధతిలో సన్యసించి ఒళ్లు విడిచినవాడు. చీమకు కూడా హాని చెయ్యని మతం వాళ్ల ఊరికి దానవుల పేరు ఎలా వచ్చింది? మతం పోయింది, ఇసుకలోంచి దిగంబర విగ్రహాలు తొంగిచూశాయి, అవెవరివో చెప్పేవాళ్లు లేక జనం రాక్షసులనుకున్నారు. నాకు తోచిన సమాధానం ఇది. చెప్పేవాళ్లు లేకపోతే మహాత్ములు కూడా దానవులవుతారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక గండికోట. దీని లోయ ఫోటో చూడనివాళ్లు ఇప్పుడు తక్కువ. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన ఆ అగాధం అంచున నిలబడి పొద్దు పొడుపు చూడటానికి బెంగళూరు నుంచి కుర్రవాళ్లు రాత్రికి రాత్రి వచ్చి డేరాలు వేస్తున్నారు. రావాలి, ఇంకా రావాలి. కానీ వెనక్కి తిరిగి కోటను కూడా చూడాలి. ప్రాకారం లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జుమ్మా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం, జైలు, కోనేరు. పెమ్మసాని నాయకులు విజయనగరం తరఫున, విజయనగరం కూలాక తమంతట తాము ఈ కోటను ఏలారు. కృష్ణదేవరాయల దండులో పేరు మోసిన పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశం వాడే. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు.

1652లో ఒక ఫ్రెంచి నగల వ్యాపారి ఇక్కడికి వచ్చాడు. పేరు టావెర్నియే. మీర్ జుమ్లాకు ముత్యాలు చూపించడానికి వచ్చి, కోటలో చూసినవి రాసిపెట్టుకున్నాడు. అప్పటి గండికోట మనిషి గొంతుతో వినిపించేది ఆ పుస్తకంలోనే. మీర్ జుమ్లా నేల మీద కూర్చుని పని చేసుకుంటుంటే, వచ్చిన ఉత్తరాలు కాలివేళ్ల సందుల్లో కొన్ని, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఇరికించుకుని ఒక్కొక్కటే తీస్తూ లేఖకులకు జవాబులు చెప్పేవాడట. ఒక రాజ్యం వ్యవహారం పదిహేను వేళ్ల మధ్య నడిచింది. ఇంకో సంగతి మనసును కలచేది. మీర్ జుమ్లా ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి, మాయీ అనే ఫ్రెంచివాడికి అప్పజెప్పాడు. మిగతావన్నీ కరిగాయి. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలను మాత్రం మాయీ ఎంత మంట పెట్టినా కరిగించలేకపోయాడు. ఇది మన పౌరాణికుడు చెప్పింది కాదు, ఆ విగ్రహాల మీద భక్తి ఏమాత్రం లేని టావెర్నియే రాసింది. కొలిమి పనితనం చాలకపోయిందో, లోహం కలయికలో ఏదో ఉందో లోహశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి. ఆ విగ్రహాల ముందు ఒకప్పుడు హారతి పట్టిన ఊరివాళ్లు ఆ వార్త విని ఏమనుకుని ఉంటారో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది.

ప్రొద్దుటూరును దాటేయలేను. బంగారం అంగళ్లు, నూలు వ్యాపారం, దసరాకు కన్యకాపరమేశ్వరి అమ్మవారి శాలలో వెలుగులు, ఇవి అందరికీ తెలుసు. అగస్త్యేశ్వరస్వామి గుడి మాత్రం ఇంకో కారణానికి చూడాలి. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది ఆ గుడిలో ప్రదక్షిణలు చేస్తూనే. ఒక కావ్యం పుట్టిన స్థలం ఇదీ అని వేలు పెట్టి చూపగలిగిన గుళ్లు మనకు ఎన్నున్నాయి?

ఈ కథలన్నీ మన దాకా ఎలా వచ్చాయి? 1800 తర్వాత కర్నల్ కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరికీ పంపాడు. వాళ్లు కరణాల దండకవిలెలు తిరగేసి, పెద్దవాళ్లను అడిగి, శాసనాలు నకలు తీసుకుని కైఫియత్తులు రాశారు. ఏలూరు వాడైన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్ల కష్టం లేకపోతే మెకంజీ పేరు ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు. కడప జిల్లా కైఫియత్తులను సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. కడపలో బ్రౌన్ ఉన్న స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు పోగుచేసి నిలబెట్టిన గ్రంథాలయం అది. ఆ తర్వాత శాసన శాఖవాళ్లు వచ్చారు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కుచ్చు కుంచెతో దబదబా కొడతారు. అక్షరాల గుంటల్లోకి కాగితం దిగుతుంది. ఆరీ ఆరకముందే మసి అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. ఒక్క పూట పని. వెయ్యేళ్ల మాట ఒక చాపలా చుట్టి చంకన పెట్టుకుపోవచ్చు.

ఆ పూట పని జరగక ముందే పగిలిపోయిన రాళ్లెన్నో! శాసనం కనబడితే దాని కింద నిధి ఉందని, ఆ రాత నిధికి గుర్తని మన సీమలో ఒక పాడు నమ్మకం. అర్ధరాత్రి గడ్డపారలతో పాత గుళ్ల గర్భాలయాలు, నంది విగ్రహాల కింద నేల తవ్విపోసిన గుంతలు నేను ఎన్నో చూశాను. చదివితే ఫలానా చెరువు కింద ఇంత మడి దేవుడికిచ్చామని మాత్రమే ఉన్న రాయిని బంగారం కోసం రెండు ముక్కలు చేస్తారు. వీరగల్లులను వాకిట్లో మెట్టుగా పరిచిన ఇళ్లున్నాయి. ఆవుల మందను కాపాడబోయి ప్రాణం విడిచిన ఆ వీరుడి మీద రోజూ కాళ్లు కడుక్కుంటున్నామని ఆ ఇంటివాళ్లకు తెలియదు. తెలిస్తే ఊరుకుంటారా? ఒక చోట చెప్పి చూశాను. సాయంత్రానికి ఆ రాయి లేచి వేపచెట్టు కింద నిలబడింది, పసుపు కుంకుమలతో. మా తప్పేనయ్యా, ఎవరూ చెప్పలేదు అంది ఆ ఇంటి పెద్దావిడ.

అందుకే అడుగుతున్నాను. కలమళ్లలో, దానవులపాడులో, మోపూరులో, గండి దారిలో తెలుగులో నాలుగు వాక్యాలున్న పలక ఒక్కటి చొప్పున కావాలి. శిక్ష సంగతి ఆఖరి వాక్యంలో చెప్పవచ్చు. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. కడప బండ మన నేలలోనే ఉంది, చెక్కేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. ఇడుపులపాయ ప్రాంగణంలో వేలమంది పిల్లలు చదువుతున్నారు. వాళ్ల చేతిలో ఫోన్లున్నాయి, కాళ్లలో సత్తువుంది. సెలవు రోజున ఒక్కో జట్టు ఒక్కో ఊరికి పోతే ఏడాదిలో ఈ చుట్టుపక్కల రాళ్లన్నిటి జాబితా, ఫోటోలు తయారవుతాయి. ఒక్క మాట. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గీయకండి, నూనె పూయకండి. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తీస్తే ఫోటోలో అక్షరం దానంతట అదే లేస్తుంది.

ఇంకొక రాయి కూడా బాకీ ఉంది. గండికోట జలాశయం నిండాలంటే కొండాపురం మండలం పల్లెలు మునగాలి. నీళ్లు రావాలని ఈ సీమ తరాల తరబడి మొక్కుకుంది, కాదనను. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. రచ్చబండ, పీర్ల చావిడి, అవ్వతాతల గోరీలు, గుడి ముందు రావిచెట్టు నీళ్లలోకి పోయాయి. ఆ నీళ్లు తాగేవాళ్లం మనం. మునిగిన ప్రతి ఊరి పేరూ చెక్కి, జలాశయం గట్టున ఒక బండ నాటించాలి. ధనంజయుడు నాటించినట్టే, అందరూ నడిచే చోట, తెలుగులో. ఆ ఊళ్లవాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీ ఊరి గుళ్లు, బావులు, చెట్ల పేర్లు రాసి ఈ పత్రికకు పంపండి. వచ్చిన ప్రతి పేరూ ఈ ధారావాహికలో అచ్చువేస్తాం.

(వచ్చే వారం: పుష్పగిరి)